అవగుంఠిత రిబ్కా: శిల్పమునఁ గథాకథనము

శిల్పమునఁ గథ చెప్పుట ఆంధ్రదేశమునకుఁ గ్రొత్తగాదు. అమరావతీ స్తూపమునకుఁ జెంది, ఇప్పుడు చెన్నపురి ప్రభుత్వ మ్యూజియమున నున్న యొక గుండ్రని ఫలకముపై నాళాగిరి దమనకథ చెక్కఁబడియున్నది. అందొకవైపున మదించిన యేనుఁగు వీథిలోఁ బడి జనులను ద్రొక్కుచున్నది. మఱియొకవైపున ఆ యేనుఁగే బుద్ధుని పాదములకడ మోఁకరిల్లియున్నది. మేడల గవాక్షములనుండి పౌరులు తొంగిచూచుచున్నారు. ఒకే చట్రమున నొకే జంతువు రెండుమాఱులు కానవచ్చును. చూచువాని కన్ను ఒక చోటినుండి మఱియొక చోటికిఁ బోవుటయే యిందుఁ గథ నడచుట.

పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాయందును అమెరికాయందును బ్రబలిన కథాశిల్పము ఈ మార్గమును విడిచినది. అందుఁ బ్రతిమ యొక్కటి, క్షణ మొక్కటి. ఆ క్షణమునకు ముందు జరిగినదియు, వెనుక జరుగఁబోవునదియు ఱాతిలో నుండవు. చూచువాని మనస్సులో నుండవలెను. ఈ జాతి శిల్పమునకుఁ దెలుఁగునేలపై నున్న ప్రసిద్ధోదాహరణము హైదరాబాదు సాలారుజంగు మ్యూజియమునందలి ముసుకు వేసికొన్న రెబెకా ప్రతిమ. చూచువారి మెప్పు చాలవఱకు ఆ ముసుకునొద్దనే నిలిచిపోవుచున్నది. ఆ ముసుకు వేసికొన్నది యెవరు, ఎవరిని జూచి, ఏ గడియలో వేసికొన్నది అను విషయము వెనుకఁబడుచున్నది. ఈ కథ తెలుఁగున లేనిది గాదు. అది చేర్పఁబడిన గ్రంథము తెలుఁగులోనికి వచ్చుట విశాఖపట్టణమునందే యారంభమైనది. కథ తొలఁగినచో నిట్టి ప్రతిమలో నేమి మిగులును, కథ నిలిచినచో నేమి లభించును అను విషయమును విచారించుటకుఁ దత్కాలపు అమెరికా శిల్పచిత్రములు మిక్కిలి తోడ్పడును.

ప్రతిమ, దాని రాక

ఈ ప్రతిమను రచించినవాఁడు జియొవాన్ని మారియా బెంజోని. ఇతఁడు 1809లో ఉత్తర ఇటలీయందు బేర్గామో ప్రాంతపు గ్రామమున జన్మించి, రోమునగరమున స్థిరపడి, అచ్చటనే 1873లో మరణించెను. నిజాము దివానుగా 1853 మొదలు 1883 వఱకు నుండిన మొదటి సాలారుజంగు మీర్ తురాబ్ అలీఖాను 1876లో ఐరోపాయాత్ర చేసినపు డీ ప్రతిమను రోమునఁ గొనెను. అప్పటికి శిల్పి కాలముచేసి మూఁడేండ్లైనది. ఆ వంశమువాఁడగు మూఁడవ సాలారుజంగు మీర్ యూసఫ్ అలీఖాను 1949లో మరణింపఁగా, అతని సంగ్రహములతో దివాను దేవిడీయందు 1951 డిసెంబరు 16న మ్యూజియము తెఱవఁబడెను. 1961లో పార్లమెంటు శాసనమున నది జాతీయప్రాముఖ్యముగల సంస్థ యయ్యెను. 1968లో మూసీనది దక్షిణపుటొడ్డున నున్న యిప్పటి భవనమునకు మాఱెను.

రిబ్కా ప్రతిమ లోకమున నిది యొక్కటే కాదు. బెంజోని శిల్పశాలనుండి వెడలిన రిబ్కాలు మఱికొన్ని గలవు. అమెరికాలో అట్లాంటా నగరపు హై మ్యూజియమునను, డిట్రాయిటు కళాసంస్థయందును నిట్టి ప్రతిమలు గలవు. ఇందుకుఁ గారణము ఆ కాలపు పనితీరు. శిల్పి ముందుగా మట్టితో రూపము చేయును. దానినుండి ప్లాస్టరు అచ్చు తీయఁబడును. ఆ ప్లాస్టరు రూపముమీఁద గుఱుతులు పెట్టి, ప్రతి గుఱుతు ఎంత లోఁతున నున్నదో కొలతపనిముట్టుతోఁ గనుఁగొని, ఆ కొలతలను చలువఱాతి దిమ్మమీఁదికి ఎక్కించి, కూలికిఁ బనిచేయు నేర్పరులగు ఱాతిపనివారు చెక్కుదురు. కడపటి మెఱుఁగులను మాత్రము పెక్కుచోట్ల శిల్పియే దిద్దును. కావునఁ గోరినవారు గలిగినకొలఁది ఒకే రూపము పలుమాఱులు చెక్కఁబడుచుండెను. హైదరాబాదు దివానును, అమెరికా ధనికులును ఒకే నగరపు శిల్పశాలలనుండి యొకే తీరు ప్రతిమలను గొనిపోవుచుండిన కాలమది.

రిబ్కా కథ

ఈ కథ బైబిలునందు ఆదికాండము ఇరువదినాలుగవ అధ్యాయమున నున్నది. వృద్ధుఁడైన అబ్రాహాము తన కుమారుఁడగు ఇస్సాకునకు స్వజనులలోని కన్యను దెచ్చుటకై పెద్దదాసుని బంపును. అతఁడు పది యొంటెలతో నాహోరు పట్టణము చేరి, సాయంకాలమున ఊరి వెలుపలి బావికడ నాగి, తనకు నీళ్లిచ్చి యొంటెలకుఁగూడ నీళ్లు తోడెదనను కన్యయే దైవము నిర్ణయించిన వధువు కావలెనని ప్రార్థించును. ప్రార్థన ముగియకమునుపే బెతూయేలు కూఁతురగు రిబ్కా కడవతో వచ్చి యట్లే చేయును. దాసుఁడు ఆమెకు బంగారుటాభరణము లిచ్చును. ఆమె యింటివారు "పోవుదువా" అని యడుగఁగా ఆమె తానుగా సమ్మతించును.

దూరప్రయాణము చేసి వచ్చినపిదప, సంధ్యవేళ పొలములో నొక పురుషుఁడు ఎదురుగా వచ్చుట ఆమెకుఁ గానవచ్చును. ఒంటెపైనుండి దిగి, ఆతఁ డెవ్వఁడని దాసు నడుగును. తన యజమానుఁడని దాసుఁడు చెప్పఁగనే ఆమె ముసుకు తీసికొని కప్పుకొనును. బెంజోని యెన్నుకొన్న క్షణ మిదియే.

ఈ యెన్నికలోని యౌచిత్యము గమనింపఁదగినది. బావికడ క్రొత్తవానితో మాటలాడినపుడు ఆమెకు ముసుకు లేదు. ఇంటివారియెదుట సమ్మతి చెప్పినపుడును లేదు. ఇస్సాకును జూచినపుడు మాత్రమే యది వచ్చినది. కావున నా వస్త్రము కన్యాత్వమునకును వధూత్వమునకును నడిమి గడప. తల కొంచెము వంగుట, కనుఱెప్పలు వ్రాలుట, చేయి వస్త్రమును బట్టుకొనుట అన్నియు నా గడప దాఁటుచున్న గడియకుఁ జెందినవి. మఱియు నీ ప్రతిమ యెదుట నిలిచినవాఁడు ఇస్సాకు నిలిచినచోట నిలుచుచున్నాఁడు. ఎవరు దగ్గఱకు వచ్చుటచే ఆమె ముసుకు వేసికొన్నదో, వారి స్థానమును శిల్పి ఖాళీగా విడిచి, చూచువానికి ఇచ్చినాఁడు. కథ యెఱుఁగనివానికి ఈ సంబంధ మందదు. వాని కెదుట నున్నది ముసుకులోని యొక సుందరి మాత్రమే.

పందొమ్మిదవ శతాబ్దపు శిల్పులు ఈ క్షణనిర్ణయమును జాల విచారించిరి. జర్మను విమర్శకుఁడు లెస్సింగు 1766లోఁ బ్రకటించిన "లావొకోవను" గ్రంథమున, కాలములో నడచు కావ్యమునకును స్థలములో నిలుచు శిల్పమునకును భేదము చూపి, శిల్పి యేరుకొను నొక్క క్షణము ముందువెనుకలను సూచింపఁగలదిగా నుండవలెనని చెప్పెను. ధ్వనిసిద్ధాంత మెఱిఁగిన పండితులకు ఇది క్రొత్తగాఁ దోఁపదు. వాచ్యము కొంచెమైనను వ్యంగ్యము విస్తారమైనపుడే కావ్యము రక్తికట్టునని ఆనందవర్ధనుఁడు తొమ్మిదవ శతాబ్దముననే స్థాపించెను. ఐతే వ్యంగ్యము సహృదయునియందు వాసన యున్నపుడే స్ఫురించును. ప్రతిమ విషయమున నా వాసన కథాజ్ఞానమే.

ముసుకు చెక్కిన విధము

ఱాతిలో నింత పలుచని వస్త్ర మెట్లు సాధ్యమయ్యెనని చూచువా రడుగుచుందురు. నిజమునకు ముఖముమీఁద వేఱుగా నొక పలుచని ఱాతిపొర లేదు. ముఖమును ముసుకును నొక్కటే యుపరితలము. నుదురు, నాసాగ్రము, పెదవులు, గడ్డము అను నెత్తైన తావులలో వస్త్ర మంటుకొన్నట్లు తలము నునుపుగాఁ జేయఁబడినది. వానినడుమనున్న పల్లములు ముఖమునకు సహజమైన లోఁతుకంటె తక్కువగాఁ జెక్కఁబడినవి. వానిమీఁదుగా సన్నని మడతల గీఁతలు అవయవముల హద్దులను లెక్కింపక సాగిపోవును. ఈ గీఁతలను గన్ను వస్త్రముగా గ్రహించి, క్రింది మెత్తని ఛాయలను ముఖముగా గ్రహించును. చలువఱాయి వెలుతురును గొంత లోపలికిఁ గొని వెదచల్లుటచే నా భ్రాంతి బలపడును. పారదర్శకత ఱాతిలో లేదు, చూపులోఁ గలుగుచున్నది.

ఈ నేర్పు బెంజోనితోఁ బుట్టినది గాదు. నేపుల్సు నగరపు సాన్‌సెవేరో ప్రార్థనాలయమున కొరాదీని 1752లోఁ జేసిన ముసుకువనితయు, సాన్మార్తీనో 1753లోఁ జేసిన ముసుకు క్రీస్తుమూర్తియు దీనికి మార్గదర్శకములు. 1847లో రఫయేలె మోంటి యింగ్లండులోని డెవన్షైరు ప్రభువునకై ముసుకుకన్యను జెక్కిన పిదప నీ తీరు మఱల వాడుకలోనికి వచ్చెను. బెంజోని చేసిన విశేషము ఆ నేర్పును, ముసుకు వేసికొనుటయే కథాంశమైన యొక గాథకు జేర్చుట. ఇక్కడ ముసుకు నేర్పును జూపుటకు వచ్చినది గాదు. కథ కోరఁగా వచ్చినది.

విశాఖపట్టణ ప్రాంతపువారికి ఆవరణముయొక్క అర్థము సులభముగా బోధపడును. సింహాచలమున వరాహనరసింహస్వామి యేఁడాదిలో నొక్క వైశాఖ శుద్ధ తదియనాఁడు నిజరూపమునఁ గానవచ్చి, తక్కినదినములలోఁ జందనముక్రింద నుండును. అచ్చటికిఁ బోవువారు చందనపురాశిని మాత్రమే చూచి మరలుట లేదు. లోపలి మూర్తిని స్థలపురాణము వారి మనస్సులలో ముందే నిలిపియున్నది. రిబ్కా ముసుకునకు నట్టి స్థలపురాణము హైదరాబాదున లోపించినది.

అదే మ్యూజియమున నున్న మఱియొక ప్రతిమకును నిదే గతి. పందొమ్మిదవ శతాబ్దపు ఫ్రెంచి పనిగాఁ జెప్పఁబడు నీ దారుశిల్పమున నొకే సికమోరు దుంగకు ముందువైపున మెఫిస్టాఫిలీసును, వెనుకవైపున మార్గరెట్టును చెక్కఁబడియున్నారు. వెనుక నద్దము నిలుపుటచే ఇరువురును ఒక్కసారి కానవత్తురు. గేటె మహాకవి 1808లోఁ బ్రకటించిన "ఫౌస్టు" నాటకము మొదటిభాగ మెఱిఁగినవానికి ఈ కూర్పు కేవలము వింత గాదు. ప్రార్థనపుస్తకము పట్టి తలవంచిన బాలిక, తన్ను జెఱుపఁ జూచు పిశాచము తన వీఁపుననే యున్నదని యెఱుఁగదు. ఒకరినొకరు చూడలేకుండుటయే యిందలి కథ.

అమెరికా శిల్పుల మార్గము

తత్కాలమున ఇటలీలోఁ బనిచేసిన అమెరికా శిల్పు లనేకులు. చలువఱాయియు, పనివారును, ప్రాచీనప్రతిమలును నచ్చట సులభముగా లభించుటచే వారు ఫ్లోరెన్సునను రోమునను నివాస మేర్పఱచుకొనిరి. వారిలో హైరం పవర్సు 1837లో ఫ్లోరెన్సు చేరి, 1843 ప్రాంతమున "గ్రీకు దాసి" యను ప్రతిమకు రూపము కల్పించెను. గ్రీసు స్వాతంత్ర్యయుద్ధమునఁ దుర్కులకుఁ జిక్కి, అంగడిలో నమ్మకమునకు నిలుపఁబడిన కన్య యది. వివస్త్రయై నిలిచిన యీ ప్రతిమను 1847 మొదలు అమెరికా నగరములలోఁ బ్రదర్శించినపుడు, చూచువారు తప్పుగాఁ దలఁపకుండుటకై కథను వివరించు చిన్నపుస్తకమును గూడఁ బ్రకటించిరి. ఆమె చేతులకు గొలుసు లున్నవి. ప్రక్కనున్న స్తంభమునుండి శిలువయు వ్రేలుచున్నది. ఈ గుఱుతులను జదివినవారికి అది పరాధీనయయ్యు శీలము వీడని స్త్రీమూర్తిగాఁ దోఁచెను.

కథ యెంత బలమైనదో 1851లో లండను మహాప్రదర్శనమున మఱియొక విధముగా వెల్లడి యయ్యెను. అమెరికా దక్షిణరాష్ట్రములలో నీగ్రో దాసులు లక్షలకొలఁది యుండఁగా, ఆ దేశము గ్రీకు దాసికై కన్నీరు నించుట యెట్లని పలువురు ప్రశ్నించిరి. "పంచ్" పత్రిక వర్జీనియా దాసి యను వ్యంగ్యచిత్రమును బ్రకటించెను. తానుగా దాస్యమునుండి తప్పించుకొని వచ్చిన విలియం వెల్సు బ్రౌను ఆ చిత్రమును బ్రతిమకడఁ బెట్టి తన నిరసనమును దెలిపెను. ఱాయి మాఱలేదు, కథ విస్తరించినది. దానితోఁ బ్రతిమ యర్థమును విస్తరించెను.

రాండాల్ఫు రోజర్సు రోమున 1853–54 ప్రాంతమున రూపించిన "నిడియా" యీ మార్గమున మఱియొక మేలైన యుదాహరణము. బుల్వరు లిట్టను 1834లో వ్రాసిన పాంపెయి నగరనాశపు నవలలో నీమె పూలమ్ము నంధబాలిక. అగ్నిపర్వతపు బూడిదచేఁ బట్టణమంతయుఁ జీఁకటి గ్రమ్మినపుడు, కన్నులున్నవారు దారి తప్పఁగా, చీఁకటి కలవాటుపడిన యీ బాలిక చెవితో దారి తెలిసికొని నడచును. శిల్పి యామె చేతిని జెవియొద్ద నుంచి, పాదములకడ విఱిగిన స్తంభశీర్షమును బెట్టినాఁడు. కథ యెఱిఁగినవాఁడు ఆ ప్రతిమచుట్టు చీఁకటిని గూడఁ జూచును. దీని ప్రతులు పెక్కు చెక్కఁబడినవి. న్యూయార్కు మెట్రోపాలిటను మ్యూజియమున నొకటి గలదు.

రిబ్కాతో నింకను దగ్గఱ చుట్టఱికము గల ప్రతిమ వాషింగ్టనునందలి స్మిత్సోనియను అమెరికా కళామ్యూజియమున నున్నది. అది ఎడ్మోనియా లూయిసు 1875లోఁ జెక్కిన "హాగరు". ఈ శిల్పిని నీగ్రో, ఓజిబ్వే యిండియను వంశములకుఁ జెందిన స్త్రీ. 1866 నాఁటికి రోము చేరి, ఖర్చు తక్కువయగుటకును, పని తనదే యని యితరులు శంకింపకుండుటకును, ఱాతిపనివారి సాయము మిక్కిలి కొలఁదిగాఁ గొని తానుగాఁ జెక్కుచుండెడిది. హాగరు అబ్రాహాము ఇంటి దాసి. అతనివలన బిడ్డను గని, పిమ్మట కుమారునితోఁగూడ నెడారికిఁ దోలివేయఁబడినది. రిబ్కా ఆ యింటికే కోడలుగా వచ్చినది. ఒకతెకు స్వాగతమైన గుడారము మఱియొకతెకు మూయఁబడినది. లూయిసు హాగరు చేతులు జోడించి మీఁదికిఁ జూచుచున్నది. కాలికడఁ గూజా పడియున్నది. రిబ్కా కథ నిండుకడవతో నారంభమగును. హాగరు కథ వట్టికూజాతో నెడారిలోఁ బడును. ఆదికాండము చదివినవానికి ఈ రెండు ప్రతిమలును నొకే గ్రంథములోని రెండు పుటలు.

చిత్రములయందు

అమెరికా చిత్రకారులు కథ చెప్పుటకు రెండు మార్గములను ద్రొక్కిరి. థామసు కోలు 1833 మొదలు 1836 వఱకు "సామ్రాజ్యగమనము" అను నైదు చిత్రములను రచించి, ఒకే తావును అడవిగా, పచ్చికబయలుగా, మహానగరముగా, శత్రువులచేఁ గాలుచున్న పురముగా, తుదకు పాడుగోడలుగాఁ జూపెను. ఇది పటము వెంబడి పటము చూపుచుఁ గథ చెప్పు తెలంగాణపు చేర్యాల నకాశివారి పద్ధతికి దగ్గఱ. ఎమాన్యుయెలు లోయిట్సె 1851లో రచించిన, వాషింగ్టను డెలావేరు నదిని దాఁటు చిత్రము రెండవ మార్గమునది. 1776 డిసెంబరు 25 రాత్రి మంచుగడ్డలనడుమ పడవ సాగుచున్న యొక్క క్షణమే యందున్నది. ఆ పడవలో 1777లో మాత్రమే యంగీకరింపఁబడిన జెండా కనఁబడుట చరిత్రదోషము. ఐనను పుట్టఁబోవు దేశమును సూచింపవలెనను నాస చిత్రకారుని నట్లు చేయించినది. ఒక్క క్షణములో భవిష్యత్తును ఇముడ్పవలసినవాని యిబ్బంది యిది.

కథ పోయిన ప్రతిమ

మొదటి సాలారుజంగు రోమున రిబ్కాను గొన్న 1876వ సంవత్సరముననే ఎడ్మోనియా లూయిసు "క్లియోపాత్ర మరణము" అను పెద్ద ప్రతిమ అమెరికాలోని ఫిలడెల్ఫియా శతవార్షిక ప్రదర్శనమున నుంచఁబడెను. సింహాసనముపై నొరిగి ప్రాణము విడిచిన రాణి యది. పిమ్మట కొనువారు లేక యది చికాగో ప్రాంతమునఁ జేతులు మాఱి, తుదకు గుఱ్ఱపుపందెముల మైదానమొకదానిలో, క్లియోపాత్ర యను పేరుగల పందెపు గుఱ్ఱముయొక్క గోరీపై గుఱుతుఱాయిగా నిలువఁబడెను. ఎండకు వానకు నోర్చి, రంగులు పూయించుకొని, పెక్కేండ్లు రచయిత్రి పేరుకూడ మఱవఁబడి, 1994లో స్మిత్సోనియను మ్యూజియమునకుఁ జేరి బాగుచేయఁబడెను. ఆ కాలమంతయు ఱాయి యుండెను, పేరు నుండెను. ఆ పేరు ఎవరిది, ఆ మరణ మెట్టిది అను కథ మాత్రము తొలఁగిపోయెను. అది తొలఁగినంతనే రాణి గుఱ్ఱమునకుఁ గావలి యైనది.

హైదరాబాదు రిబ్కా కంత దుర్గతి పట్టలేదు. గౌరవముతోఁ గాపాడఁబడుచున్నది. కాని పేరుండి కథ లేకుండుట యను లోపము కొంత యిక్కడను గలదు. అందుకొక కారణము పేరే. మ్యూజియమున ప్రతిమ యింగ్లీషు పేరున రెబెకా యనఁబడుచున్నది. తెలుఁగు బైబిలులో నామె పేరు రిబ్కా. తెలుఁగున ఆ గ్రంథము చదివినవారుగూడ నీ రెంటిని వెంటనే యొక్కటిగా గుర్తింపకపోవచ్చును.

తెలుఁగు రిబ్కాయు విశాఖపట్టణమును

1805లో లండను మిషనరీ సంఘమువారగు జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్టణము చేరి, తెలుఁగు నేర్చి, ఆనందరాయరను పండితుని సాయముతో బైబిలు ననువదింప మొదలిడిరి. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారు ముగించిన సువార్తలు మూఁడు 1812లో శ్రీరామపురమున ముద్రింపఁబడెను. వారిపిదప విశాఖపట్టణముననే యుండిన ప్రిచెట్టు చేసిన క్రొత్తనిబంధన యనువాదము 1818లో మద్రాసున వెలువడెను. రిబ్కా కథ గల పాతనిబంధనము తెలుఁగునఁ బూర్తియగుటకుఁ బందొమ్మిదవ శతాబ్ది మధ్యమువఱకును బట్టెను. ప్రతిమ రోమునుండి హైదరాబాదు చేరునాఁటికే కథ తెలుఁగున నుండెను. రెండును వేఱువేఱు త్రోవల వచ్చి, ఒకే భాషాప్రాంతమున నుండియుఁ దగినట్లు కలిసికొనలేదు.

ఇదే విషయమును త్రిప్పి చూచినచోఁ జక్కఁగా బోధపడును. రాజా రవివర్మ చిత్రమున, ముల్లు నెపమునఁ బాదమెత్తి వెనుదిరిగిన శకుంతలను జూచిన తెలుఁగుపండితునకు దుష్యంతుఁడు చిత్రములో లేకున్నను గానవచ్చును. కాళిదాసు నాటక మతని మనస్సున నున్నది. ఆ నాటక మెఱుఁగని పరదేశి యందొక ముల్లు గ్రుచ్చుకొన్న బాలికనే చూచును. శకుంతల చూపుచివరఁ గానరాని దుష్యంతుఁడెట్టివాఁడో, రిబ్కా యెదుటఁ గానరాని ఇస్సాకును నట్టివాఁడే.

కావున నిట్టి ప్రతిమను విద్యార్థులకుఁ జూపఁబోవు నుపాధ్యాయుఁడు ముందుగాఁ గథ చెప్పి, పిమ్మట ప్రతిమయొద్దకుఁ గొనిపోవుట మేలు. ఫలకముపై శిల్పి పేరుతోఁబాటు, రిబ్కా యను తెలుఁగుపేరును, ఇస్సాకును జూచి ముసుకు వేసికొన్న గడియ యను నొక్క వాక్యమును నున్నచో ముసుకును మెచ్చుకొనుట తగ్గదు. ఆ వస్త్రము నామె యెందుకు వేసికొన్నదో తెలియును గనుక, మెచ్చుకోలు నేర్పునుండి భావమునకుఁ బోవును. అమెరికాలో గ్రీకు దాసిని జూపినవారు కథాపుస్తకమును జేతికిచ్చిరి. తెలుఁగునాట ఆ పుస్తకము ముందే యున్నది. దానిలోఁ జూపవలసిన పుట మాత్రము తెఱవవలసియున్నది.